లైట్లు డల్ అయితే వోల్టేజీ తగ్గినట్టేనా?

కోటప్పకొండ తిరునాళ్లకి ప్రభ కట్టే ఊరు మాది. శివరాత్రి రాత్రి కొండ కింద బారులు తీరిన ప్రభలు, వాటి నిండా లైట్లు, చెవులు దద్దరిల్లే పాటలు.. చూస్తే కళ్లు చాలవు. వీటన్నిటికీ కరెంటు ట్రాక్టర్ ట్రక్కులో ఉన్న జనరేటర్ నుంచే. దాని మీద మైక్‌సెట్ నడిపేవాడి టెన్షన్ ఏంటో మాత్రం మా బాబాయ్‌ని అడగాలి.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. బాబాయ్‌కి రెండెకరాల మిర్చి, పెళ్లిళ్లకి తిప్పే సౌండ్ సిస్టమ్. ఆ ఏడాది గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన డబ్బుతో యాంప్లిఫయర్లు రెండు, పదిహేను అంగుళాల బాక్సులు నాలుగు కొన్నాడు. తిరునాళ్లలో అర్ధరాత్రి దాటాక ఉన్నట్టుండి ప్రభ లైట్లు కాస్త డల్ అయ్యాయి. "వోల్టేజీ తగ్గిందిరా!" అని ఎవరో అరిచారు. అంతలోనే బాక్సుల్లోంచి గుర్రుమని మోత, వెంటనే కాలిన వాసన.

తెల్లారాక చూస్తే కారణం దొరికింది. గతుకుల్లో ఊగి ఊగి జనరేటర్ న్యూట్రల్ బోల్టు లూజైంది. లైట్లు రెండు ఫేజుల మీద, యాంప్లిఫయర్లు మూడో దాని మీద. న్యూట్రల్ ఉన్నంతసేపు ఒక్కో ఫేజుకీ 230 వోల్టులు. అది ఊడితే ఎక్కువ లోడున్న ఫేజుల్లో వోల్టేజీ తగ్గుతుంది, తక్కువ లోడున్న దాంట్లో పెరుగుతుంది. లెక్కేస్తే లైట్లకి 200, మా యాంప్లిఫయర్లకి 345 దాకా వెళ్లొచ్చు. అందుకే లైట్లు డల్ అయ్యాయి, మా సెట్టు కాలింది. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే టీవీలు, ఫ్యాన్లు పోయేదీ ఇలాగే.

మరి ఫ్యూజు? అది చూసేది కరెంటుని, వోల్టేజీని కాదు. అది మేల్కొనేలోపు లోపల ప్లస్, మైనస్ 70 వోల్టులు ఉండాల్సిన చోట వందకు పైగా వచ్చి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు షార్టయ్యాయి. దాంతో డీసీ నేరుగా బాక్సుల్లోకి వెళ్లింది. మామూలు 70 వోల్టులైనా సరే, ఎనిమిది ఓమ్‌ల స్పీకర్ మీద పడితే 600 వాట్ల పైనే. పాటకైతే కాయిల్ ముందుకీ వెనక్కీ కదులుతూ గాలికి కాస్త చల్లబడుతుంది. డీసీకి ఒక పక్కకే బిగుసుకుపోయి అలాగే కాలిపోతుంది.

నేను హీరోలా వై-ఫై బోర్డు, యాప్, అలర్ట్ అని ప్లాన్ చెప్పా. బాబాయ్ నవ్వి, "నీ ఫోన్ మోగేలోపు నా బాక్సులు బూడిదవుతాయి రా అబ్బాయ్" అన్నాడు. నిజమే కదా!

చివరికి పెట్టినవి పాత కాలం సామానే. కరెంటు వచ్చే చోట 270 దాటితే తెంపేసే కటాఫ్ రిలే. ఎమ్‌వోవీ ఒక్కటే పెడితే చాలదా అంటారు కొందరు. అది క్షణంలో వచ్చిపోయే స్పైకులకే. 345 అలా నిలబడిపోతే ముందు అదే మాడిపోతుంది. ఇక బాక్సుల వైపు, డీసీ కనబడగానే స్పీకర్‌ని విడదీసే ప్రొటెక్షన్ బోర్డు. యూపీసీ1237 అనే చిప్‌తో వచ్చేవి కొన్ని వందల రూపాయల్లోనే దొరుకుతాయి. ఆన్ చేయగానే వచ్చే 'ధబ్' శబ్దాన్నీ అదే ఆపుతుంది. కానీ చిన్న రిలేలో ఓ చిక్కుంది. 70 వోల్టుల డీసీని తెంపబోతే పాయింట్ల మధ్య నిప్పు ఆగకుండా మండుతూ కరెంటుని దాటిస్తుంది. అందుకే రిలే విడిపోగానే స్పీకర్ తీగ గ్రౌండ్‌ని తాకేలా వైరింగ్ మార్చాం. ఇది తెలియడానికి నాకు రెండు రిలేలు ఖర్చయ్యాయి.

న్యూట్రల్ బోల్టుకి స్ప్రింగ్ వాషర్ కూడా వేశాం. దాని ధర ఎంతో చెబితే బాబాయ్‌కి ఇప్పటికీ కోపం వస్తుంది.

పోయిన శివరాత్రికి కొండ దగ్గర ఓసారి ఠక్కున పాట ఆగింది. జనం ఒకటే గోల. బాబాయ్ మాత్రం మీటర్ పెట్టి చూసి, బోల్టు బిగించి, తాపీగా టీ తాగొచ్చి మళ్లీ ఆన్ చేశాడు.