గుండెలోనూ మగ్గం లయ

★ సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన పద్మశాలీలు ఎందరో. నాడె అవతలికి దాటాకే పలక వచ్చి పేకను కొట్టాలని మగ్గం నడిపే ప్రతి ఒక్కరికీ తెలుసు. ముందే పడితే పడుగు పోగులు తెగుతాయి. గుండెలోనూ అంతే: పై గదులు రక్తాన్ని దించాకే కింది గదులు ముడుచుకోవాలి.

★ ఆ వ్యవధి ఇచ్చేది పై, కింది గదుల మధ్య ఉండే ఏవీ నోడ్. గదులను ముడుచుకునేలా చేస్తూ పైనుంచి వచ్చే కరెంటును సెకనులో దాదాపు పదో వంతు ఆపి, తర్వాత కిందికి వదులుతుంది. 1906లో దీన్ని వివరించింది జపాన్ వైద్యుడు సునావో తవారా.

★ కరెంటు పుట్టేది కుడి పై గదిలోని సైనస్ నోడ్‌లో, నిమిషానికి 60 నుంచి 100 సార్లు. అది మొరాయిస్తే ఏవీ నోడ్ 40–60 వేగంతో బాధ్యత తీసుకుంటుంది.

★ 2015 డిసెంబరులో సూరత్ దాత గుండెను విమానంలో ముంబైకి చేర్చి మరొకరికి అమర్చారు. కరెంటు తనలోనే పుడుతుంది కాబట్టి, నరాలు తెగినా అలాంటి గుండె కొత్త ఛాతీలో తనంతట తానే కొట్టుకుంటుంది. నెమ్మదింపజేసే నరం తెగిపోవడంతో దాని వేగం మామూలు కంటే ఎక్కువే.

★ గుండె లయ తప్పి దడదడలాడటానికి దారులు మూడు: వంతు కాని కణం కరెంటు పుట్టించడం, ఒక దెబ్బ వెన్నంటే అదనపు దెబ్బ రేగడం, వెళ్లిన కరెంటు దారి మళ్లి గుండ్రంగా తిరగడం. పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ చుట్టూ పుట్టే సుడి ఈ మూడో రకం.

★ స్టెంట్లు చేసే సహజానంద్ మెడికల్ టెక్నాలజీస్ సూరత్ కంపెనీయే. స్టెంట్ తెరిచేది రక్తనాళాన్ని. కరెంటు దారిని కాదు; లయ తప్పితే చికిత్స వేరు. మరీ నెమ్మదించిన గుండెకు పేస్‌మేకర్ పెడతారు. సుడి తిరిగే దారిని అబ్లేషన్‌తో మూసేస్తారు.

★ మణికట్టు దగ్గర నాడి ఒక వరుస లేకుండా కొట్టుకుంటుంటే ఈసీజీ తీయించాలి. పై గదులు వణికే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

★ కింది గదులే వణికితే రక్తం ముందుకు కదలదు. మనిషి క్షణాల్లో కుప్పకూలుతాడు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ 2007 నుంచి గుజరాత్‌లోనూ ఉంది. పిలిచినా పలకక, ఊపిరి సరిగా ఆడని మనిషి కనిపిస్తే ఆ నంబరుకు ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100–120 సార్లు బలంగా నొక్కాలి. సాయం అందేదాకా ఆ లయ తప్పనివ్వకండి.