జూన్ 7 కాస్తా జులై 6 అయిపోయింది!

2023 జూన్ 4, ఆదివారం సాయంత్రం. కోడూరు నుంచి అమ్మ ఫోన్. కూర ఏం వండుకున్నావు దగ్గర మొదలై అమ్మమ్మ కంటి ఆపరేషన్ దగ్గరికి వచ్చింది. మే 31న విజయవాడలో చేయించాం. చెకప్ ఎప్పుడో ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చిందట.

"జులై ఆరో తారీఖంట రా. ఈ లోపు చుక్కల మందు అయిపోతే అవనిగడ్డలో కొనుక్కోవచ్చా?"

వెనక నుంచి అమ్మమ్మ గొంతు. "జులై ఏంటే? బుధవారం కోశారు, మళ్లీ బుధవారం రమ్మన్నాడు డాక్టరు. నాకు చెవులు బానే ఉన్నాయి."

అమ్మ గోడ క్యాలెండర్ తిరగేసింది. జులై 6 గురువారం. "ఆళ్లు తప్పు రాస్తారా, నువ్వు తప్పు విన్నావా?" అని తల్లీకూతుళ్ల మధ్య వాదన మొదలైంది. మెసేజ్ నాకు ఫార్వర్డ్ చేయమన్నా. అందులో తేదీ ఇలా ఉంది: 06/07/2023.

చూడగానే నా చేతులు చల్లబడ్డాయి. ఎందుకంటే ఆ మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. ఆ తేదీని అక్షరాలుగా మార్చే లైను రాసింది నేనే.

అసలు కంప్యూటర్‌కి తేదీ అంటే ఏంటో చెప్తా. అది లోపల దాచుకునేది చాలా చోట్ల ఒక అంకె మాత్రమే. 1970 జనవరి 1, గ్రీన్విచ్ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయన్న లెక్క. మన గడియారంలో అది ఆ రోజు ఉదయం 5:30. మా దివిసీమలో పెద్దవాళ్ల లెక్క వేరు. వాళ్లకి కాలం మొదలయ్యేది ఉప్పెన నుంచి. "ఉప్పెనకి ముందు", "ఉప్పెన తర్వాత", అంతే. మా అమ్మ పుట్టినరోజు సర్టిఫికెట్‌లో ఉన్నది బడిలో పంతులుగారు వేసిన అంచనా. అమ్మమ్మ చెప్పే అసలు తేదీ "ఉప్పెన నాటికి పాకుతోంది". 1977 నవంబర్ 19, శనివారం. ఆ ఉదయం 5:30కి కంప్యూటర్ లెక్క 24,87,45,600 సెకన్లు. ఆ అంకె చూపిస్తే మా ఊళ్లో ఒక్కరికీ ఏమీ అర్థం కాదు. ఉప్పెన అంటే చాలు, ఇప్పటికీ మాట తగ్గించి మాట్లాడతారు.

ఆ అంకెని మనిషి చదివే మాటలుగా మార్చడాన్నే ఫార్మాటింగ్ అంటాం. చిన్న పనే కదా అనుకుంటాం. ఇంటర్వ్యూల్లో ఎవరూ దీని గురించి అడగరు కూడా.

నేను చేసిన తప్పు ఇది. తేదీని ఏ దేశం పద్ధతిలో రాయాలో కోడ్‌లో చెప్పలేదు. చెప్పకపోతే అది నడుస్తున్న మెషీన్ సెట్టింగ్ తీసుకుంటుంది. నా ల్యాప్‌టాప్ సెట్టింగ్ ఇండియా. రోజు ముందు, నెల తర్వాత, అంతా కరెక్ట్. సర్వర్ సెట్టింగ్ మాత్రం అమెరికా ఇంగ్లిష్. వాళ్లకి నెల ముందు. సర్వర్‌లో పెట్టాక నా ఫోన్‌కే ఒక మెసేజ్ పంపి చూసుకున్నా. ఆ రోజు మే 5. వచ్చింది 05/05/2023. ఎటు చదివినా ఒకటే! నవ్వుకోండి పర్లేదు, మా టీమ్‌లో ఇప్పటికీ నవ్వుతారు.

మరి నెల రోజులు ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? 05/22 అని వస్తే, 22వ నెల ఉండదు కాబట్టి చదివినవాళ్లే సర్దుకున్నారు. ప్రమాదమంతా 12వ తేదీ లోపలే. లెక్కేస్తే ఏడాదిలో 132 రోజులు ఇలా తిరగేస్తే ఇంకో నిజమైన తేదీ అయి కూర్చుంటాయి. జూన్ మొదటి రోజుల్లో చెకప్ ఉన్న ప్రతి పేషెంటూ ఆ ఉచ్చులోనే ఉన్నారు.

ఆ రాత్రే క్యూలో ఉన్న మెసేజ్‌లు ఆపేశాం. అప్పటికే వెళ్లిపోయినవాటికి ఇంకో మెసేజ్ పంపితే గందరగోళం పెరుగుతుందని మర్నాడు పొద్దున్నే ఆసుపత్రివాళ్లు కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. ఆపరేషన్ చేసిన కన్ను వారానికి చూడాల్సింది నెలకి చూస్తే, మధ్యలో ఇన్ఫెక్షన్ వచ్చినా ఎవరికీ తెలీదు. ఒక లైను కోడ్. ఇది గుర్తొస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

తర్వాత మా కోడ్ మొత్తం జల్లెడ పట్టా. ఇంకేం దొరికాయో చెప్తే మీలో కోడ్ రాసేవాళ్లు ఉలిక్కిపడతారు. జావాలో క్యాపిటల్ ఎం అంటే నెల, స్మాల్ ఎం అంటే నిమిషాలు. పైథాన్‌లో సరిగ్గా తిరగేసి, స్మాల్ ఎం నెల, క్యాపిటల్ ఎం నిమిషం. రెండూ రాసే మనిషికి చెయ్యి జారడం ఎంతసేపు? జావాలో సంవత్సరానికి స్మాల్ వై బదులు క్యాపిటల్ వై పెడితే ఏడాదంతా బానే ఉంటుంది. డిసెంబర్ చివర్లో కొంప ముంచుతుంది. అది మామూలు సంవత్సరం కాదు, వారాల లెక్కన సాగే సంవత్సరం. సోమవారంతో వారం మొదలయ్యే ఐఎస్ఓ లెక్కలో 2024 డిసెంబర్ 30 అప్పుడే 2025లో పడిపోతుంది.

మన దేశంలో గుచ్చుకునే ముల్లు ఇంకోటి ఉంది. మన టైమ్ గ్రీన్విచ్ కంటే ఐదున్నర గంటలు ముందు. జావాస్క్రిప్ట్‌లో ఇక్కడి జూన్ 7 అర్ధరాత్రిని 'టు ఐఎస్ఓ స్ట్రింగ్'‌తో రాయిస్తే జూన్ 6, 18:30 అని వస్తుంది. అందులో తేదీ ముక్క మాత్రం కత్తిరించుకుంటే ఒక రోజు వెనక్కి. ఎక్కడైనా ఫారంలో మీ పుట్టినరోజు ఒక రోజు తగ్గి కనిపిస్తే, మీరు తప్పు నొక్కారని అనుకోకండి.

తమాషా ఏంటంటే మన తెలుగువాళ్లని గుంపులుగా అమెరికా పంపిందే ఒక తేదీ గోల. సంవత్సరానికి రెండంకెలే దాచుకున్న పాత ప్రోగ్రామ్‌లు 2000లో బోల్తా పడతాయన్న భయం, అదే వైటూకే. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని వెళ్లినవాళ్లు మీ బంధువుల్లోనూ ఉండే ఉంటారు.

ఇప్పుడు మా సిస్టమ్‌లో లోపల దాచేది ఐఎస్ఓ 8601 పద్ధతి: 2023-06-07. పెద్దది ముందు, చిన్నది తర్వాత. వరసలో పెట్టినా చెడదు. 1988లో వచ్చిన ప్రమాణం అది. కానీ పేషెంటుకి అది పంపం. అమ్మమ్మ పుణ్యమా అని, మెసేజ్‌లో "7 జూన్ 2023, బుధవారం" అని వెళ్తుంది. నెల మాటల్లో ఉంటే తిరగబడదు. వారం ఉంటే తప్పు దానంతటదే బయటపడుతుంది, ఆ రోజు మా ఇంట్లో పడినట్టు. తెలుగు నెలల పేర్లు, వారాల పేర్లు మేం టైప్ చేసినవి కావు. యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ అనే భాషల భాండాగారంలో ఉన్నాయి, మీ ఫోన్‌లో తెలుగు తేదీ కూడా దాదాపు అక్కడిదే.

దాంతో నాకు ఒక్కటే పేచీ. అందులో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అంతా "రాత్రి"యే. అంటే నాలుగింటికి "రాత్రి 4:00" అని రాస్తుంది. మా పాలకాయతిప్ప వైపు వలలు సర్దుకుని బయల్దేరేవాళ్లని రాత్రి నాలుగింటికి అంటే వింతగా చూస్తారు. తెల్లవారుజాము అనే మాట కంప్యూటర్‌కి ఇంకా రాలేదు.

అమ్మమ్మని జూన్ 7నే తీసుకెళ్లాం. పొద్దున్నే బస్సెక్కి, చల్లపల్లి, ఉయ్యూరు మీదుగా విజయవాడ. కన్ను బానే ఉంది. తిరిగొస్తూ తప్పు నాదేనని చెప్పేశా. కాసేపు కిటికీ బయటికి చూసి అడిగింది.

"నీకు జీతం ఇచ్చేవాళ్లకి తెలుసా?"

"తెలుసు అమ్మమ్మా."

"మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడు డాక్టరు?"

"జులై 5."

"తారీఖు కాదురా, వారం చెప్పు."