వాన ఊరికి వెళ్ళేముందు

మన సంఘంలో మూడు కుటుంబాలు ఈ మధ్య ఉద్యోగరీత్యా తూర్పు నుంచి పడమరకు, అంటే నార్విచ్, కేంబ్రిడ్జి వైపు నుంచి మాంచెస్టర్, స్వాన్సీ, గ్లాస్గో వైపుకు మారే ఆలోచనలో ఉన్నాయి. ఫోను చేసిన వారందరూ జీతం, పిల్లల బడి, ఇంటి అద్దె సంగతులన్నీ అడిగాక చివర్న కాస్త మొహమాటంగా "అక్కడ వానలు మరీ ఎక్కువట కదండీ?" అంటున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మన పత్రికలోనే రాస్తే సరిపోతుందనిపించింది. మేము కేంబ్రిడ్జి దగ్గర ఆరేళ్ళుండి గ్లాస్గోకి వచ్చి రెండు చలికాలాలు గడిపాం. సలహాలివ్వడానికి ఆ మాత్రం అనుభవం చాలదేమో కానీ, చేసిన పొరపాట్లు చెప్పుకోడానికి చాలు.

మాది అనంతపురం జిల్లా. వాన విషయంలో మావాళ్ళను మించిన ఆశపోతులు ఉండరు. గ్లాస్గోలో ఉద్యోగం వచ్చింది, వానలు చూసి వెనకాడుతున్నామని చెబితే అమ్మ ఫోనులో నవ్వింది. "ఏంరా, వాన పడే ఊరికి పోయేదానికి ఎనకాముందు చూస్తారా? మనూర్లో వాన కోసరం కప్పలకు పెండ్లి చేస్తిమి గదరా!" అంది. ఆ మాటకు జవాబు లేదు.

అయినా చదువుకున్నవాళ్ళం కాబట్టి లెక్కలు తీశాం. కేంబ్రిడ్జిలో ఏడాదికి కురిసే వాన సుమారు 560 మిల్లీమీటర్లు, అంటే 22 అంగుళాలు. మా అనంతపురంలో కూడా ఇంచుమించు అంతే! ఆరేళ్ళపాటు ఆ పచ్చిక బయళ్ళు చూసి వానల దేశంలో ఉన్నామనుకున్నాం కానీ, నిజానికి మా జిల్లా వానలోనే ఉన్నామన్నమాట. అక్కడ ఎండ నేలలో తేమను పీల్చేస్తుంది, ఇక్కడ పీల్చేంత ఎండ లేదు. తేడా అంతే. కారణం కూడా రెండు చోట్లా ఒకటే. నైరుతి రుతుపవనాలు పశ్చిమ కనుమల మీద కురిసి చేతులు దులుపుకుని మా రాయలసీమకు వచ్చినట్టే, అట్లాంటిక్ సముద్రం మీది గాలులు వేల్స్, పెన్నైన్స్, స్కాట్లండు కొండల మీద కురిసి, మిగిలింది తూర్పున చల్లుతాయి. మనం బడిలో బట్టీపట్టిన వర్షచ్ఛాయా ప్రాంతమంటే ఇదే. ఆ కొండల్లోనే లేక్ డిస్ట్రిక్టులో సీత్‌వెయిట్ అనే పల్లె ఉంది. అక్కడ ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల పైచిలుకు కురుస్తుంది.

గ్లాస్గోది సుమారు 1,250 మిల్లీమీటర్లు. కేంబ్రిడ్జికి రెండింతల పైన. అంకె పెద్దదిగానే కనిపించింది కానీ, మన విశాఖపట్నం కన్నా కొంచెమే ఎక్కువ. విశాఖలో ఎవరైనా వానకు భయపడి కాపురం మానేశారా? ఇలా వాదించుకుని ధైర్యం తెచ్చుకున్నాం.

మా మొదటి పొరపాటు ఇక్కడే. చూడవలసినది ఎంత కురిసిందని కాదు, ఎన్నాళ్ళు కురిసిందని. గ్లాస్గోలో వాన పడే రోజులు ఏడాదికి సుమారు 170. కేంబ్రిడ్జిలో అవి నూటపది లోపే. ఇక్కడ ఒక మిల్లీమీటరు పడితే వాన పడ్డ రోజు కింద జమ. మన దేశంలో రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే లెక్క. అందుచేత రెండు దేశాల రోజులనూ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. విశాఖలో వాన వస్తే వచ్చినట్టుంటుంది. కుండపోతగా కురిసి, రోడ్లు ముంచి, మర్నాడు ఎండ కాస్తుంది. గ్లాస్గోది ముసురు. ఇక్కడివాళ్ళకు దానికి చాలా మాటలున్నాయి. మంచులా ముఖానికి తగిలే సన్న తుంపరను 'స్మర్' అంటారు. మబ్బు దిగి, చలిగా, తడిగా, దిగులుగా ఉండే రోజును 'డ్రీఖ్' అంటారు. ఆ రెండో మాట మా పాప బడి నుంచి నేర్చుకొచ్చిన మొదటి వారంలోనే మా అందరికీ అలవాటైపోయింది. గొడుగు కొనకండి. గాలికి తిరగబడి రెండు వారాల్లో విరిగిపోతుంది. టోపీ ఉన్న మంచి వానకోటు మనిషికొకటి చొప్పున కొనండి. అందులో పిసినారితనం వద్దు.

రెండో పొరపాటు, ఊరు చూడడానికి మే నెలలో రావడం. ఈ పడమటి తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా వాన తక్కువ. మేము వచ్చిన మూడు రోజులూ ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు. పార్కులో జనం చొక్కాలు విప్పి పడుకున్నారు. పెళ్ళిచూపుల్లో పట్టుచీర కట్టుకుని కూర్చున్న పిల్లను చూసినట్టు చూసి మురిసిపోయి వెళ్ళాం. మీరు మాత్రం నవంబరులోనో జనవరిలోనో వచ్చి చూడండి. శనివారం ఒక్కపూట కాకుండా నాలుగు రోజులుండి, బస్సెక్కి, పిల్లల బడి దాకా నడిచి, సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని చూడండి.

ఇక చలి సంగతి. చాలామంది దీనికే భయపడతారు కానీ ఇందులో పెద్ద తేడా లేదు. జనవరిలో రెండు ఊళ్ళలోనూ పగటి వేడిమి ఏడు డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. వేసవి మాత్రం గ్లాస్గోలోనే హాయి. 2019 జూలై 25న కేంబ్రిడ్జిలో 38.7 డిగ్రీలు కాసి, అప్పటికి ఈ దేశపు రికార్డయింది (2022లో లింకన్‌షైరులో 40.3తో అది చెరిగిపోయింది). ఫ్యాను లేని ఇంట్లో, వేడి బయటికి పోనివ్వని గోడల మధ్య, అనంతపురం వాళ్ళం కూడా ఆపసోపాలు పడవలసిన వేడి అది.

అసలు తేడా వెలుతురులో ఉంది. డిసెంబరు మూడోవారంలో అనంతపురంలో పగలు పదకొండు గంటల పైన. కేంబ్రిడ్జిలో ఏడుముప్పావు. గ్లాస్గోలో ఏడు. ఆ పోయిన ముప్పావుగంట దాదాపుగా పొద్దుటి పూటదే. ఎనిమిదీ నలభై అయిదుకు గానీ సూర్యోదయం కాదు, పిల్లలు చీకట్లోనే బడికి బయల్దేరుతారు. ఆ ఏడు గంటలూ మబ్బే. ఏడాది మొత్తం మీద ఎండ కాసే సమయం కేంబ్రిడ్జి కన్నా మూడు నాలుగు వందల గంటలు తక్కువ. మా ఇద్దరిలో ఆసుపత్రికి వెళ్ళే మనిషికి ఇవేవీ పట్టవు. వార్డులో ఏ ఊళ్ళోనైనా గొట్టపు దీపాలే. ఇంట్లో కూర్చుని కంప్యూటరు మీద పనిచేసే మా శ్రీమతికే పట్టాయి. ఊరు మారే నిర్ణయంలో ఉద్యోగం వచ్చినవారి మాట ఎక్కువగా చెల్లుతుంది. వాతావరణం మాత్రం రెండోవారి నెత్తిన పడుతుంది. అప్పుడు మాకు ఈ ఆలోచనే రాలేదు.

మొదటి చలికాలం చివర్లో ఆవిడ మెట్లెక్కడానికి కమ్మీ పట్టుకోవడం మొదలుపెట్టింది. తొడలు లాగుతున్నాయనేది. నేల మీద కూర్చుంటే చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోయేది. పొద్దస్తమానం నీరసం. "ఈ మబ్బు చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుందిలే" అనుకున్నాం. దిగులనుకున్నాం, కొత్త ఊరనుకున్నాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కానీ, మా ఇంట్లో పనికిరానిది పెరటి వైద్యుడు. మూడు నెలలయ్యాక మా కుటుంబ డాక్టరు రక్తపరీక్ష చేయించారు. విటమిన్ డి ఈ దేశపు కొలతలో 25 కన్నా తగ్గితే లోపం అంటారు. ఆవిడకు 11 ఉంది. ఎముకలు మెత్తబడి, తొడ కండరాలు బలహీనపడే ఆస్టియోమలేసియా అది.

సిగ్గుపడవలసినదేమంటే, ఈ జబ్బు చరిత్రలో గ్లాస్గోకి ఒక పేజీ ఉందని మాకు తెలుసు. ఇక్కడ స్థిరపడిన పాకిస్తానీ కుటుంబాల్లో రికెట్స్‌నూ ఆస్టియోమలేసియానూ 1962లో డాక్టర్ డన్నిగన్, ఆయన సహచరులు వైద్యపత్రికలో వివరించారు. 1979లో ఇదే ఊళ్ళో ఆసియా పిల్లలకు విటమిన్ డి చుక్కలు ఉచితంగా పంచే ఉద్యమం నడిచింది. తర్వాతి సంవత్సరాల్లో రికెట్స్‌తో ఆసుపత్రికి వచ్చే పిల్లలు బాగా తగ్గారు. మన చర్మపు రంగుకు ఎక్కువ ఎండ కావాలి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఈ దేశంలో ఎక్కడా, కేంబ్రిడ్జిలో కూడా, విటమిన్ తయారయ్యేటంత బలమైన ఎండ ఉండదు. మాంసం, చేపలు, గుడ్లు తినని ఇళ్ళలో ప్రమాదం ఇంకా ఎక్కువ. మా ఇల్లు అలాంటిదే. అంటే ఆవిడ లోటు ఆరేళ్ళుగా కూడబెట్టుకున్నది. గ్లాస్గో చేసిందల్లా దాన్ని బయటపెట్టడం.

అంచేత మీరు ఏ ఊరికి వెళ్ళినా, వెళ్ళకపోయినా, ఇది చేయండి. మన వంటి రంగువారు పెద్దలూ పిల్లలూ రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు, ఏడాది పొడుగునా వేసుకోవాలని ఇక్కడి ప్రభుత్వ సలహా. చంటిపిల్లల మోతాదు హెల్త్ విజిటరును అడగండి. ఇంకో మాట. ఇండియా నుంచి వచ్చేటప్పుడు అందరం 60,000 యూనిట్ల పొట్లాలు తెచ్చుకుంటాం. అవి లోపం ఉన్నవారికి వారానికొకటి చొప్పున కొన్నాళ్ళు ఇచ్చే మందు. రోజూ పాలల్లో కలుపుకుని తాగేవి కావు. అలా తాగినవారిని చూశాం. రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల దాకా వస్తుంది.

దిగులు సంగతి వేరు. చలికాలపు దిగులును 1984లో అమెరికాలో డాక్టర్ రోజెంతాల్ బృందం ఒక జబ్బుగా గుర్తించి పేరు పెట్టింది. ఇంతకుముందు అలాంటి బాధ పడినవారు ఊరు మారేముందు తమ డాక్టరుతో తప్పకుండా మాట్లాడాలి. మిగతావారికి మా అనుభవం ఏమంటే, ఎంత మబ్బుపట్టినా మధ్యాహ్నం బయటి వెలుతురు ఇంట్లో దీపాల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. భోజనం కాగానే అరగంట నడక, తుంపరలోనైనా సరే. మా శ్రీమతి ఇప్పుడు దానికి నాగా పెట్టదు. మూడు నెలల మందుతో మెట్లు మామూలుగా ఎక్కగలిగింది.

ఇల్లు చూసుకునేటప్పుడు ఇంకో చిక్కుంది. మేము మొదట అద్దెకు తీసుకున్నది పాత రాతికట్టడంలో కింది వాటా, ఉత్తరపు ముఖం. కేంబ్రిడ్జిలో బట్టలు పెరట్లో ఆరేవి. ఇక్కడ రేడియేటర్ల మీద ఆరేశాం. ఒక విడత బట్టలు ఆరితే లీటరు పైచిలుకు నీళ్ళు గాలిలో కలుస్తాయి. దానికి తోడు కుక్కరు ఆవిరి, సాంబారు ఆవిరి, వేడినీళ్ళ స్నానాలు. చలికి కిటికీ తీయం. ఆ తేమంతా చల్లని గోడ మీద చేరి, పాప మంచం వెనక నల్లటి బూజు. దానికి రాత్రిళ్ళు దగ్గు. ఇంటాయన కిటికీలు తెరవండన్నాడు. అది కొంత నిజమే, కొంత తప్పించుకోవడమే. బూజును తేలిగ్గా తీసుకోకండి. 2020లో మాంచెస్టర్ పక్కన రాచ్‌డేల్‌లో రెండేళ్ళ పసివాడు అలాంటి ఇంట్లోని బూజు వల్లే చనిపోయాడని విచారణలో తేలింది. ఆ తర్వాత ఇంగ్లండులో సామాజిక గృహాలకు చట్టమే తెచ్చారు. మేము ఆర్నెల్లకే ఇల్లు మారి, మొదటి అంతస్తులో దక్షిణపు ముఖం వాటా తీసుకున్నాం. తేమ లాగే యంత్రం ఒకటి కొన్నాం. బట్టలారేసిన రోజు అది బకెట్టెడు నీళ్ళు పడుతుంది. దగ్గు తగ్గింది. ఇల్లు కొనేవారైతే ఆ వీధికి వరద ముప్పు ఉందేమో ప్రభుత్వ పటాల్లో చూసి మరీ కొనండి.

ఇంతా చదివి మేము వచ్చినందుకు విచారిస్తున్నామనుకునేరు. లేదు. గ్లాస్గో నీళ్ళు 1859 నుంచి కాట్రిన్ సరస్సు నుంచి వస్తున్నాయి. కొండల మీది వాన నీరు, సున్నం లేని నీరు. కేంబ్రిడ్జిలో సున్నపురాతి నేల నీళ్ళకు కెటిల్ అడుగున పెంకు కట్టేది. కందిపప్పు ఎంత ఉడికించినా పలుకు మిగిలేది. ఇక్కడ రెండు కూతలు తక్కువకే వెన్నలా ఉడుకుతుంది. కాఫీ రుచి కూడా వేరు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురులో పిల్లలు ఆడుకుంటూంటే డిసెంబరు బాకీ కొంత తీరినట్టే ఉంటుంది. ఉద్యోగం కూడా మేము కోరుకున్నదే.

ఇక్కడే ఇల్లు కొనాలా, ఇంకో రెండేళ్ళు ఆగాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. ఈసారి ఆ మాట మా శ్రీమతిదే. పోయిన నవంబరులో నాలుగు ఇళ్ళు వానలోనే తిరిగి చూసింది. రెండింటిని గోడ తడిమే వద్దంది.

అమ్మ ఏప్రిల్‌లో వస్తోంది, ఆరు నెలలుంటుంది. కేంబ్రిడ్జికి వచ్చినప్పుడు జూలై ఎండలో పెరట్లో దుప్పటి పరిచి గుమ్మడి వడియాలు పెట్టి ఇరుగుపొరుగులను ఆశ్చర్యపరిచింది. గ్లాస్గోలోనూ పెడతానంటోంది. అక్కడే పెట్టుకుని, బాగా ఎండాక డబ్బాలో పోసి తెమ్మన్నాం.