సొంత టేకు తోట: కొన్ని నరికితేనే మిగిలినవి లావెక్కుతాయి

హెక్టారు పొలంలో రెండు మీటర్ల దూరంలో టేకు నాటితే 2,500 మొక్కలు పడతాయి. ఐదారేళ్లకు అవి ఇంటి ఎత్తు దాటి, కొమ్మలు ఒకదానికొకటి తగులుతాయి. సరిగ్గా అప్పుడే వాటిలో సగం తీసేయాలని అటవీ శాస్త్రం చెబుతుంది. నీళ్లు మోసి పెంచిన చెట్లపై గొడ్డలి వేయడానికి ఏ రైతుకైనా చేతులు రావు. కానీ ఆ పని వాయిదా వేసిన కొద్దీ తోట విలువ తగ్గిపోతుంది.

సూరత్ అనగానే బట్టల మిల్లులు, వజ్రాల సాన గుర్తొస్తాయి. అదే జిల్లా తూర్పు అంచున ఉన్న మాండ్వి, మాంగ్రోల్, ఉమర్‌పాడా తాలూకాల్లో టేకు, వెదురు పెరిగే ఆకురాల్చే అడవులున్నాయి. వసావా, చౌధరి, గామీత్ వంటి ఆదివాసీ కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతమిది. అడవిలోనే కాక పొలం గట్ల మీదా టేకు కనిపిస్తుంది. సొంత భూమిలోని చెట్లను అక్కడ ‘మాల్కీ’ చెట్లంటారు. వాటి బాగోగులు చూడాల్సింది భూమి యజమానే.

నేల ఒప్పుకుంటేనే టేకు

టేకుకు లోతైన, నీరు నిలవని నేల కావాలి. తూర్పున ఉన్న వాలు భూములు దానికి సరిపోతాయి. పడమటి మైదానం సంగతి వేరు. అక్కడిది జిగురు నల్లరేగడి. కాక్రాపార్, ఉకాయ్ ప్రాజెక్టుల కాలువలు వచ్చాక చెరకు విస్తరించింది, కొన్నిచోట్ల భూగర్భ నీటిమట్టం పైకి వచ్చి నేల ఊటబారింది. అలాంటి చోట టేకు వేళ్లకు గాలి అందదు, చెట్టు గిడసబారిపోతుంది. కృష్ణా, గోదావరి కాలువల కింద టేకు నాటాలనుకునే తెలుగు రైతులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. నాటే ముందు వానాకాలంలో గుంత తవ్వి, నీరు ఎన్నాళ్లు నిలుస్తుందో చూసుకోవడం చౌకైన పరీక్ష.

సగం ఎందుకు తీయాలి?

టేకు వెలుతురు కోరే చెట్టు. గుబురుగా ఉన్నప్పుడు ఎండ కోసం పోటీపడి పైకి సాగుతుంది. పక్కలకు చోటు లేక కొమ్మల గొడుగు చిన్నదవుతుంది. ఆకులు తక్కువైతే తయారయ్యే ఆహారం తక్కువ, మాను లావెక్కడం నెమ్మదిస్తుంది. కలపకు ధర వచ్చేది లావును బట్టి, లోపలి చేవను బట్టి. అందుకే మొదటిసారి ఐమూలగా వరస విడిచి వరస తీస్తారు. అప్పుడు చెట్ల మధ్య దూరం 2 మీటర్ల నుంచి సుమారు 2.8 మీటర్లకు పెరుగుతుంది. ఒక్కో చెట్టుకు దక్కే చోటు 4 చదరపు మీటర్ల నుంచి 8కి, అంటే రెట్టింపు అవుతుంది. తీసిన గుంజలు పందిళ్లకు, కంచెలకు పనికొస్తాయి.

రెండోసారి పలచన చేసేటప్పుడు వరసలు చూడరు, చెట్లను చూస్తారు. వంకరవి, చీలినవి, పురుగు పట్టినవి, పొరుగు చెట్ల కింద అణగిపోయినవి తీసి, నిటారుగా ఉన్న మేలైనవి ఉంచుతారు. మంచివి ముందు అమ్ముకుని నాసివి మిగిల్చే అలవాటు దీనికి పూర్తిగా తలకిందులు. నరికిన మొదళ్ల నుంచి టేకు పిలకలు వేస్తుంది. తోటంతా కోసిన తర్వాత మోడుకు ఒక్క బలమైన పిలకను ఉంచితే మళ్లీ నాటే ఖర్చు లేకుండానే చెట్టు వస్తుంది.

నిప్పు, పురుగు

వేసవిలో రాలిన టేకు ఆకులు కాగితంలా ఎండిపోతాయి. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టినప్పుడు నిప్పురవ్వ ఒక్కటి పక్క తోటలోకి ఎగిరినా చాలు. ముదురు చెట్టు చావకపోవచ్చు. కానీ మొదట్లో కాలిన గాయం గుండా శిలీంధ్రం చేరి, చేవ లోపలి నుంచి పుచ్చుతుంది. వేసవి ముదరకముందే తోట చుట్టూ కొన్ని మీటర్ల వెడల్పున ఆకు, గడ్డి ఊడ్చి బాట చేయడమే దీనికి రక్ష.

వానలు మొదలైనప్పుడు ఒక గొంగళిపురుగు లేత ఆకులను తినేస్తుంది. వానల చివర్లో మరొకటి ఈనెలు మిగిల్చి ఆకును జల్లెడ చేస్తుంది. చెట్టు మళ్లీ చిగురిస్తుంది కానీ ఆ ఏటి ఎదుగుదల కొంత పోతుంది. గట్ల మీద ఇప్ప, వేప, మర్రి వంటి చెట్లను ఉంచితే పక్షులు నిలుస్తాయి, పురుగుల ఉధృతి కొంత అదుపులో ఉంటుంది.

ఒకే చెట్టు, ఒకే మార్కెట్

రకరకాల చెట్లుంటే మరో మేలుంది. 1980ల మొదట్లో గుజరాత్ రైతులు పెద్ద ఎత్తున యూకలిప్టస్ నాటారు. అందరి తోటలూ దాదాపు ఒకేసారి కోతకు రావడంతో ఆ దశాబ్దం చివరికి ధరలు పడిపోయాయి. టేకుతో పాటు వెదురు ఉంటే మధ్యలో ఆదాయం ఉంటుంది. మూడేళ్లు దాటిన బొంగులనే, వానాకాలం గడిచాక తీయాలి. లేత బొంగులు మిగలాలి, ఎందుకంటే తర్వాతి కొమ్ములకు బలమిచ్చేవి అవే.

చట్టం కూడా రెండింటినీ ఒకేలా చూడదు. 2017లో భారతీయ అటవీ చట్టాన్ని సవరించి వెదురును ‘చెట్టు’ నిర్వచనం నుంచి తొలగించారు. అడవి బయట పెంచిన వెదురును నరకడం, తరలించడం అప్పటి నుంచి తేలికైంది. టేకుకు మాత్రం రాష్ట్ర నియమాలు వర్తిస్తాయి. పలచన చేయడానికైనా సరే, గొడ్డలి పట్టే ముందే రేంజ్ కార్యాలయంలో అడిగి, చెట్ల లెక్క భూమి రికార్డులో ఉందో లేదో చూసుకోవాలి. సాగు సలహాకు సూరత్ రైతులకు దగ్గర్లోనే నవ్‌సారి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ అటవీ విద్య కూడా బోధిస్తారు.

ఏడాదికోసారి పది చెట్లకు రంగు గుర్తు పెట్టి, ఛాతీ ఎత్తులో టేపుతో చుట్టుకొలత రాసుకుంటే చాలు. ఆ అంకె పెరగడం మందగించిన ఏడే తోట ఇరుకైందని తెలుస్తుంది. ఏ చెట్లు తీయాలో యజమాని నిర్ణయించుకోవాల్సిన సమయం అదే.