గ్రీన్ టీ – హృదయారోగ్యం

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. విద్యార్థి దశలో ఏర్పడిన ఆహారపు అలవాట్లు నడివయస్సులో గుండె స్థితిని చాలవరకు ప్రభావితం చేస్తాయి. మన సంజీవరెడ్డి నగర్, అమీర్‌పేటలలోని శిక్షణా కేంద్రాలకు వచ్చే యువజనులకు పాఠానికీ పాఠానికీ నడుమ చాయ్ తోడు. ఆ చేరువనే, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి గుండె జబ్బులతో ఎందరో వస్తుంటారు. కనుక మనం నిత్యం సేవించే పానీయాన్ని గురించి ఆలోచించడం అవసరం. ఉర్దూలో సబ్జ్ చాయ్ అని పిలిచే గ్రీన్ టీ గుండెకు మేలు చేస్తుందన్న మాట ఎంతవరకు నిజమో పరిశీలిద్దాం.

గ్రీన్ టీ వేరొక మొక్క నుండి లభించేది కాదు. నల్ల తేయాకు, గ్రీన్ టీ ఒకే జాతి మొక్క ఆకులు. కోసిన ఆకును వాడనిచ్చి, నలిపి, గాలి తగలనిస్తే రంగు మారి నల్ల తేయాకు అవుతుంది. కోసిన వెంటనే ఆవిరి పట్టి గాని, పెనంపై వేయించి గాని ఆ మార్పును ఆపివేస్తే గ్రీన్ టీ అవుతుంది. అందువలన దానిలో కాటెచిన్‌లనే పదార్థాలు అధికంగా నిలిచి ఉంటాయి.

కాటెచిన్‌లు ప్రేగులలో కొలెస్టరాల్ శోషణను కొంత తగ్గిస్తాయి. రక్తనాళాలు సడలడానికి తోడ్పడతాయి. జపానులోని ఒహసాకి ప్రాంతంలో 1994లో ప్రారంభించి 40,530 మందిని పరిశీలించారు. రోజుకు ఒక కప్పు కంటె తక్కువ త్రాగేవారితో పోల్చినపుడు, ఐదు కప్పులు లేదా అంతకు మించి త్రాగేవారిలో గుండె, రక్తనాళ వ్యాధుల మరణాలు పురుషులలో 22 శాతం, స్త్రీలలో 31 శాతం తక్కువని 2006లో వెల్లడించారు. అయితే ఆ తగ్గుదల అంతా గ్రీన్ టీ వలననే కలిగిందని దీనితో రుజువు కాదు. ప్రత్యక్ష పరీక్షలలో కొలెస్టరాల్, రక్తపోటు తగ్గినది స్వల్పమే.

మనకు కలిగే అసలు లాభం మరొకటి. ఇరానీ చాయ్‌కి రుచినిచ్చేవి చిక్కగా కాచిన పాలు, చక్కెర. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు త్రాగితే సుమారు 32 గ్రాముల చక్కెర లోనికి పోతుంది. రోజంతటికీ ఆహారంలో చేర్చుకొనే చక్కెర దాదాపు 50 గ్రాములు మించరాదని, 25 గ్రాములకు తగ్గిస్తే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. గ్రీన్ టీకి పాలతో గాని చక్కెరతో గాని పని లేదు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. తేనీరు ఆహారంలోని ఇనుమును ఒంటబట్టనీయదు. రక్తహీనత గల విద్యార్థినులు భోజనానికి, దీనికి మధ్య కనీసం గంట వ్యవధి ఉంచాలి. దీనిలోనూ కెఫీన్ ఉన్నది గనుక రాత్రి పొద్దుపోయాక త్రాగితే నిద్ర చెడుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు వైద్యుని సలహా పొందాలి. గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలు కొందరి కాలేయానికి హాని చేశాయి; పానీయంతో తృప్తి చెందడమే మేలు. మరిగే నీటిని కాస్త చల్లారనిచ్చి, ఆకును రెండు మూడు నిమిషాలు మాత్రమే ఉంచితే చేదెక్కదు.

గ్రీన్ టీ ఔషధం కాదు. రక్తపోటుకు, మధుమేహానికి వైద్యులిచ్చిన మందులను ఇది మాన్పించదు. పొగాకును విడనాడక, నడక అలవరచుకొనక ఎన్ని కప్పులు త్రాగినా ప్రయోజనం అల్పమే. మిత్రులతో కూడిన వేళ ఇరానీ చాయ్ ఒక కప్పు ఆనందంగా సేవించండి. మిగిలిన కప్పుల స్థానంలో చక్కెర లేని గ్రీన్ టీని అలవరచుకోండి. నేటి ఈ చిన్న మార్పు రేపటి గుండెకు రక్ష.