అల్లుళ్లందరూ ఇల్లరికమే!

‘ఈ ఇల్లు మీ నాన్నగారు కట్టించారా?’ అని అడిగా. మా టీమ్‌లో పనిచేసే మలయ్ అమ్మాయి పకపకా నవ్వింది. ‘నాన్న ఈ ఇంటికి అల్లుడిగా వచ్చారు. ఇల్లు అమ్మమ్మది, ఇప్పుడు అమ్మది, రేపు నాది’ అంది.

ఆర్నెల్ల ఆన్‌సైట్ పని మీద మలేసియా వెళ్లిన నేను, ఓ వారాంతం ఆమె పిలిస్తే నెగెరి సెంబిలాన్ రాష్ట్రానికి వెళ్లా. ఆ పేరుకి ‘తొమ్మిది రాజ్యాలు’ అని అర్థం. కౌలాలంపూర్ నుంచి దాని రాజధాని సెరెంబాన్‌కి లోకల్ ట్రైన్ ఉంది. దిగగానే కళ్లకు కనిపించేవి కప్పులు. రెండు కొసలూ పైకి తిరిగి అచ్చం గేదె కొమ్ముల్లా ఉంటాయి. ప్రభుత్వ భవనాలకూ అదే తీరు.

దాని వెనక ఓ కథ ఉంది. వీళ్ల పూర్వికులు సుమత్రా దీవి నుంచి వచ్చిన మినాంగ్‌కబావ్‌లు. జావా సైన్యం దండెత్తి వస్తే, యుద్ధం బదులు దున్నల పందెం పెట్టుకున్నారట. వాళ్లు కొండలాంటి దున్నను తెస్తే, వీళ్లు పాలు తాగే దూడను ఆకలితో ఉంచి, మూతికి కత్తి కట్టి వదిలారు. అది తల్లి అనుకుని పొట్ట కిందికి దూరింది. ఇంకేముంది, దున్న పడిపోయింది! ‘గెలిచిన దున్న’ అన్నదే వాళ్ల పేరయింది.

అక్కణ్నుంచి రాజులుండే ఊరు సెరి మెనాంతికి వెళ్లాం. 1908లో పూర్తయిన పాత చెక్క కోట చూసి తీరాలి. 99 స్తంభాలు, ఒక్క ఇనుప మేకు లేదు! ఇక్కడ తండ్రి తర్వాత కొడుకు దానంతటదే రాజైపోడు. నలుగురు పెద్దలు రాజకుటుంబం నుంచి ఒకరిని ఎన్నుకుంటారు. 1957లో స్వతంత్ర మలయాకి తొలి చక్రవర్తి అయింది ఈ రాష్ట్ర రాజే. నా పర్సులోని రింగిట్ నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే అని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం వాళ్లమ్మ, అంటే నా ‘మక్‌చిక్’ (అత్తయ్య), పొగబెట్టిన బాతు మాంసాన్ని కొబ్బరిపాలు, పసుపు, చిట్టి మిరపకాయలతో వండి పెట్టింది. గుంటూరు కారం తిన్న నోరు నాది. అయినా రెండో ముద్దకే నీళ్లు అడిగా.

తింటూనే అక్కడి పద్ధతి చెప్పింది. దాని పేరు ‘అదాత్ పెర్పాతిహ్’. మనకు గోత్రం తండ్రి వైపు నుంచి వస్తే, వీళ్లకు వంశం తల్లి వైపు నుంచి వస్తుంది. ఒకే వంశంలో పెళ్లి కూడదు. మేనమామ మాటకు బరువెక్కువ. వీళ్లు ముస్లింలే అయినా, తాతలనాటి... కాదు, అమ్మమ్మలనాటి భూమి మాత్రం ఆచారం ప్రకారం ఆడవాళ్ల పేరునే ఉంటుంది. 1909లోనే దీనికి చట్టం వచ్చింది. అలాగని అంతా ఆడవాళ్ల రాజ్యం కాదు. పెద్దరికం పదవులు మగవాళ్లవే. ఇప్పటి కుర్ర జంటలు చాలామంది పట్నాల్లో వేరు కాపురాలే.

‘భూమి ఆడపిల్లకే ఎందుకు?’ అంటే మక్‌చిక్ ఒకటే మాట అంది: ‘మగపిల్లాడు ఎక్కడికెళ్లినా బతుకుతాడు. ఆడపిల్ల తిరిగి రావడానికి ఓ ఇల్లుండాలి కదా నాయనా.’

ముద్ద గొంతులో ఆగింది. కారం వల్ల కాదు. సంక్రాంతికి నేను ఊరెళ్లగానే, పొలంలో తనకి వాటా వద్దని అక్కతో సంతకం పెట్టించాలని మా ఇంట్లో అనుకున్నారు. ‘పెళ్లికి అంత ఖర్చు పెట్టాం కదా’ అన్నది నాన్న వాదన. అక్క ‘సరే’ అంది. నేనేమో నోరు మెదపలేదు. మన దగ్గర 1985 నుంచే ఆడపిల్లకు సమాన వాటా అని చట్టం ఉంది. కానీ మన ఇళ్లల్లో చట్టం కంటే అక్క మొహమాటమే ఎక్కువ పనిచేస్తుంది!

తిరుగు ట్రైన్‌లోంచి నాన్నకి ఫోన్ చేశా. ‘అక్క సంతకం వద్దు నాన్నా. ఆ పొలం సగం తనదే’ అన్నా. చాలాసేపు మాట్లాడలేదు.

‘సంక్రాంతికి రా, చూద్దాం’ అని పెట్టేశారు. వెళ్తున్నా. ఈసారి మాత్రం నోరు మూసుకుని కూర్చోను.