వారము దినముల సేవకుఁడు

సెలవులలో ఒక వారము కోనసీమకు వచ్చి, బడిగోడకు రంగు వేసి, పిల్లలకు పాటలు నేర్పి, ఆదివారపు ఆరాధనలో నాలుగు మాటలు పలికి స్వదేశమునకు మరలిపోవు పడమటి యువకులు నేఁడు మన క్రైస్తవసంఘములకు క్రొత్తవారు కారు. వారిని పూలదండతోను, కొబ్బరిబోండముతోను ఆదరించుట మనవారికి ముచ్చట. వారి ఉత్సాహము నిజమైనదే. కాని గోదావరీ ముఖద్వారమున మిషనరీసేవ యెట్లు మొదలయ్యెనో యెఱిఁగినవానికి ఈ యేడు దినముల కొలత మిక్కిలి పొట్టిగాఁ దోఁచును.

ఇంగ్లండున డెవన్ మండలమందలి బార్న్‌స్టేపుల్ అను చిన్నపట్టణమున విలియం బౌడెన్ రాతిపనివాఁడు. జార్జి బీర్ చెప్పులు కుట్టువాఁడు. పెద్ద చదువులు లేవు, పెద్దల యండ లేదు. ఎక్సెటరు నగరమున దంతవైద్యునిగా గడించుచున్న రాబడిని విడనాడి బాగ్దాదునకుఁ బోయి, 1831 నాఁటి మహామారిలో భార్యను గోల్పోయియు వెనుదీయని ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ పిలుపు నందుకొని, ఈ యిద్దఱు యువకులును భార్యలతోఁ గూడ 1836లో ఓడనెక్కి, కొన్ని నెలలు సముద్రముపైఁ గడపి చెన్నపట్టణము చేరిరి. తొలుత మచిలీపట్టణమున నిలిచి, పిమ్మట వసిష్ఠ యొడ్డుననున్న నరసాపురమునకు వచ్చి, పాలకొల్లున సైతము స్థావర మేర్పఱచుకొనిరి. వీరికి నెలజీతమిచ్చు సంఘము లేదు. ఎక్కడివారో తోఁచినపుడు పంపిన ద్రవ్యమే బ్రతుకుఁదెరువు. నరసాపురపు రేవున నిలిచి చూచిన ఆవలి గట్టు సఖినేటిపల్లి. అక్కడనుండియే మన సీమ.

అప్పటి సీమ యిప్పటి పచ్చని సీమ కాదు. నందననామ సంవత్సరపు కఱవు పచ్చిపుండుగానే యుండెను. 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన వీరు వచ్చిన పిదపనే సంభవించెను. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. నీరు కాలువలఁ బాఱి, ఆ కాలువలపైఁ బడవలు నడచిన తరువాతనే ఊరూర తిరుగుట మిషనరీలకు సులువయ్యెను.

వీరి తొలి వారములు బోధలోఁ గాక ఓనమాలలోనే కడచి యుండును. బ్రౌనుదొర నిఘంటువు 1852 దాఁక వెలువడలేదు. క్యాంబెలు వ్యాకరణమును మున్షీ నోటిమాటయు, సంతలో బేరమాడువారి యాసయు వీరికి గురువులు. ఇటుపిమ్మట గోదావరీసీమలోఁ బనిచేసిన తెల్లవారి వారము స్థూలముగా ఇట్టిది: చలికాలమున పడవమీఁదనో గుడారములోనో బస, ఉదయము ఒక పల్లె, మాపటికి మఱియొకటి, సంతనాఁడు సంత, ఆదివారము ఆరాధన, నడుమ జ్వరపడినవారికి మందు, పిల్లలకు పలకమీఁది యక్షరము. తీర్థమునకు గుమిగూడిన జనమునకు బోధింపఁబోవుటయు నుండెడిది. అగ్రహారీకులు వాదమునకు దిగెడివారు. కొందఱు విని నవ్వి వెడలెడివారు. మాటకు మనసిచ్చినది మాత్రము విశేషముగా మాలమాదిగపల్లెలు. వారి వాకిటఁ గూర్చుండి వారితో సమముగా మాటలాడిన పైవాఁడు అంతకుముందు అరుదు గదా! మతము మార్చుట మంచిదా కాదా యను తగవు నేఁటికిని తెగలేదు, తెగునని నాకు నమ్మకమును లేదు. ఆ వాకిళ్లలోఁ బుట్టిన చదువును మాత్రము తగవులాడువారును కాదనరు.

బీర్ 1853లోఁ గన్నుమూసెను. బౌడెన్ నలువదియేండ్లు ఇచ్చటనే గడపి 1876లో గతించెను. వారి సంతతియు, వెనుక వచ్చిన సహచరులును పనిని సాగించిరి. నరసాపురపు బెతెస్డా కుష్ఠు వైద్యశాల ఆ పరంపరలోనిదే.

సేవయన్న మాట సీమకు ఓడలతో వచ్చినది కాదని యిచ్చటఁ జెప్పక తప్పదు. లంకలగన్నవరపు డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళాపాళా చూడక బాటసారులకు అన్నము పెట్టిన యిల్లాలు. అంతర్వేదికి బయలుదేఱి, దారిలో ఆకలిగొన్న పెండ్లివారు తన యింటికే పోవుచున్నారని విని ఆమె యాత్ర మాని వెనుదిరిగెనని జనులు చెప్పుకొందురు. వైనతేయపైఁ గట్టిన క్రొత్త అక్విడక్టు నేఁడు ఆమె పేరనే కలదు.

మరల మన యువకుని సంగతి. మతబోధకై వచ్చు విదేశీయునకు మిషనరీ వీసా వేఱుగా నున్నది. విహారమునకు వచ్చినవానికి ఆ యనుమతి లేదు. వచ్చినవాఁడు బోధించినను, గోడ కట్టినను, వారమంతయు వాని ప్రక్క నిలిచి ప్రతి మాటను తెలుఁగు చేయునది స్థానిక పాస్టరుగారు. ఎవరి యింట ఎవరు మంచముపట్టిరో, ఎవరి పిల్లవాఁడు బడి మానెనో ఆయనకుఁ దెలియును. అతిథి విమానమెక్కిన మఱునాఁడు ఆ యిండ్లకు సైకిలుమీఁదనో మోటారుసైకిలుమీఁదనో పోవువాఁడును ఆయనయే. ఆయనవద్దఁ గూర్చుండి పది తెలుఁగు మాటలైనను నేర్చుకొని పోయిన యువకుఁడు, రంగు వేసిన గోడకంటె మేలైన పని చేసినవాఁడని నా యభిప్రాయము.